థిన్నర్ డబ్బా మీద ‘ఇన్’: ఒక ఉపసర్గ, రెండు పుట్టుకలు

పని చిన్నదే. రంగుల గోదాములో థిన్నర్, టర్పెంటైన్ డబ్బాలు పెట్టే గది తలుపుకు, డ్రమ్ములకు, బయట ఆగే ట్యాంకరుకు అంటించే ఇంగ్లిష్ హెచ్చరికలను తెలుగు చేయాలి. వాటితోపాటు ఒక భద్రతా కరపత్రం, దాని చివర చిన్న పదకోశం. తొలి ముసాయిదాలో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’కు ఎదురుగా ‘బొత్తిగా మండనిది’ అని పడింది. రాసినవారికి ఇంగ్లిష్ రాక కాదు. ఇన్‌విజిబుల్ అంటే కనపడనిది, ఇన్‌కరెక్ట్ అంటే సరికానిది, ఇన్‌కంప్లీట్ అంటే పూర్తికానిది. ఆ వరసలో ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకోవడంలో తర్కం ఎక్కడా తప్పలేదు. కానీ ఆ మాటకు అసలు అర్థం తేలిగ్గా అంటుకునేది. తర్కం తిన్నగా నడిచి గోదాము తగలబడే చోటికి చేరింది.

అదే ముసాయిదాలో మరో మూడు తప్పులు దొరికాయి. ప్రమాదం జరిగితే సిబ్బందిని ఏ షెడ్డుకు తరలించాలో చెప్పే వరుసలో ‘ఇన్‌హ్యాబిటబుల్’ అన్న మాట, అంటే నివసించదగిన అన్నది, ‘ఉండడానికి వీల్లేని’ అయింది. ప్రథమ చికిత్స పేజీలో ‘ఇనాక్యులేట్’ కాస్తా ‘హాని లేకుండా చేయు’ అయింది. చివరి పేజీలో సిబ్బంది ఇచ్చిన ‘ఇన్‌వాల్యుబుల్’ సలహాలకు కృతజ్ఞతలు చెప్పబోయి, వారి ‘విలువలేని సలహాల’కు కృతజ్ఞతలు చెప్పారు. నాలుగు తప్పుల జబ్బూ ఒకటేననిపిస్తుంది గానీ, కాదు. మొదటి రెండూ ఒక రకం, ఇనాక్యులేట్ ఇంకో రకం, ఇన్‌వాల్యుబుల్ పూర్తిగా వేరే రకం. అందుకే దిద్దడానికి ముందు ఈ ఉపసర్గ పుట్టుక చూడాల్సి వచ్చింది.

ఒకే రూపం, రెండు మాటలు

బడిలో వాడే ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాల్లో ‘ఇన్’ పక్కన ‘నాట్’ అని ఒకే అర్థం ఉంటుంది. అసలు లాటిన్‌లో ‘ఇన్’లు రెండు. ఒకటి ‘కాదు, లేదు’ అని చెప్పేది. రెండోది ‘లోపల, లోపలికి, మీదికి’ అని చెప్పేది. వీటి మధ్య చుట్టరికం లేదు.

‘కాదు’ అనే ఇన్ వెనక సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లిష్ అన్నిటికీ తల్లి అయిన ఇండో యూరోపియన్ మూలభాషలోని అచ్చులా పలికే ఒక నకారం ఉంది. అది సంస్కృతంలో ‘అ, అన్’ అయింది. గ్రీకులోనూ ‘అ, అన్’ అయింది. ఇంగ్లిష్ సొంత మాటల్లో ‘అన్’ అయింది. అన్‌నోన్, అన్‌హ్యాపీ మొదట్లో ఉన్నది అదే. లాటిన్‌లో ముందు ‘ఎన్’ అయి, తర్వాత ‘ఇన్’గా మారింది. ‘లోపల’ అనే ఇన్ మొదటినుంచీ ‘ఎన్’. అదీ లాటిన్‌లో ‘ఇన్’గానే స్థిరపడింది. రెండు వేర్వేరు ఊళ్ల వాళ్లు ఒకే ఇంటిపేరు పెట్టుకున్నట్టయింది.

ఈ చిక్కు ఇంగ్లిష్‌వాళ్లు తెచ్చింది కాదు, రోమన్లకే ఉండేది. లాటిన్‌లో ‘ఇన్‌ఫెక్తుస్’ అంటే ‘చేయనిది’, ‘రంగులో ముంచినది’ అని రెండర్థాలు. ‘ఇమ్ముతాతుస్’ అంటే ‘మారనిది’, ‘మారినది’ కూడా. ‘ఇన్‌వొకాతుస్’ అంటే ‘పిలిచిన’ అనీ, ‘పిలవని’ అనీ. పిలవని పేరంటాలకు పోయే పాత్ర చేత ప్లౌతుస్ అనే రోమన్ హాస్య నాటకకర్త ఈ మాట మీదే చమత్కారం పలికించాడు. రెండు వేల ఏళ్ల కిందటి ప్రేక్షకులు నవ్విన చోటే మన ముసాయిదా బోల్తా పడింది.

మన వ్యాకరణం ముందే విడదీసింది

తెలుగువాళ్లకు ఈ కేసులో ఒక సౌలభ్యం ఉంది. దాన్ని వాడుకోకపోవడమే అసలు పొరపాటు. సంస్కృత వ్యాకరణం 22 ఉపసర్గలను లెక్కపెట్టింది: ప్ర, పరా, అప, సమ్, అను, అవ, నిస్, నిర్, దుస్, దుర్, వి, ఆ, ని, అధి, అపి, అతి, సు, ఉత్, అభి, ప్రతి, పరి, ఉప. ఈ జాబితాలో ‘అ’ లేదు. అజ్ఞానం, అసత్యం, అనారోగ్యం అనే మాటల్లోని ‘అ’ను వ్యాకర్తలు ఉపసర్గల గుంపులో కలపలేదు. దానికి ‘నఞ్’ అని పేరుపెట్టి సమాసాల కింద చూశారు. పదో తరగతిలో నఞ్ తత్పురుష చదివినవారికి ఇది కొత్త కాదు. విడదీయడానికి కారణమూ ఉంది. ఉపసర్గ చేరేది క్రియతో. నఞ్ చేరేది నామంతో, విశేషణంతో.

లాటిన్ ఇన్‌లకూ సరిగ్గా ఇదే గీత పనికొస్తుంది. ‘లోపలికి’ అనే ఇన్ క్రియతో పుడుతుంది, ‘కాదు’ అనే ఇన్ విశేషణంతో పుడుతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు రెండింటినీ ఒకే గంపలో వేశాయి. అందుకని మన పదకోశంలో ఇన్‌తో మొదలయ్యే ప్రతి మాట పక్కనా ఒక గుర్తు పెట్టాం: ‘లో’ లేదా ‘కా’.

‘కా’ గుంపులో కొన్నిటిని తెలుగులో పక్కన పెడితే తోబుట్టువులు తెలిసిపోతాయి. లాటిన్ ‘ఇగ్నోతుస్’కు సంస్కృతంలో మాటకు మాట ‘అజ్ఞాత’. ఉపసర్గే కాదు, ధాతువు కూడా ఒకటే. ‘ఇమ్మోర్తాలిస్’లోని మొర్త్, ‘అమృతం’లోని మృత ఒకే ధాతువు పిల్లలు. ‘ఇమ్మెన్సుస్’ అంటే కొలవనిది. ‘అమితం’ కూడా కొలవనిదే, మిత అంటే కొలిచినది. ‘ఇన్‌ఫినిట్’, ‘అనంతం’ జంటలో మాత్రం ముందు ముక్కకే బంధుత్వం. ‘ఫీనిస్’, ‘అంతం’ వేరు మాటలు. కట్టిన తీరు ఒకటే.

‘లో’ గుంపుకూ తెలుగులో తోడు ఉంది, అది మరీ కళ్లెదుటే ఉంది. హుస్సేన్ సాగర్‌లో గణేశ్ విగ్రహాలు కలిపేటప్పుడు ఇంగ్లిష్ పేపర్లు ‘ఇమర్షన్’ అంటాయి, మనం ‘నిమజ్జనం’ అంటాం. ఇమ్ ముక్కకు ‘ని’, మెర్షన్ ముక్కకు ‘మజ్జనం’. లాటిన్ మెర్గెరె, సంస్కృత మజ్జ్ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మజ్జనం అంటే స్నానమని మనకు తెలుసు. అలాగే ఇన్‌హ్యాబిట్‌కు ‘నివసించు’. ఇక్కడ కూడా ‘లో’ అనే ఇన్‌కు ‘ని’ దొరికింది.

దీన్ని సూత్రంగా పట్టుకుంటే మాత్రం మరో గోతిలో పడతాం. మనకూ ‘ని’, ‘నిర్’ అనే జంట ఉంది. నివాసి అంటే ఉన్నవాడు, నిర్వాసితుడు అంటే ఉన్నచోటు పోయినవాడు. పోలవరం వార్తలు చదివేవారికి ఆ తేడా వివరించక్కర్లేదు. ‘నిర్’ అంటే ఎప్పుడూ లేమి అనుకుంటే నిర్మాణం, నిర్ణయం ఎదురు తిరుగుతాయి. ఏ భాషలోనైనా ఉపసర్గ అర్థం మొత్తం మాటను చూశాకే తేలుతుంది.

సంధి వేసే మారువేషం

పదకోశం కోసం ‘ఇన్’ కింద వెతికితే సగం మాటలు దొరకవు. పక్కనున్న హల్లును బట్టి ఇన్ రూపం మారిపోతుంది. ప, బ, మల ముందు ‘ఇమ్’: ఇంపాసిబుల్, ఇంబాలెన్స్, ఇమ్మెచ్యూర్. ల ముందు ‘ఇల్’: ఇల్లీగల్. ర ముందు ‘ఇర్’: ఇర్రెగ్యులర్. గ్న ముందు నకారం పోయి ఒట్టి ‘ఇ’ మిగులుతుంది: ఇగ్నోర్, ఇగ్నోబుల్. మిగతా చోట్ల, అచ్చుల ముందు కూడా, ‘ఇన్’ ఇన్‌గానే ఉంటుంది.

ఇది మనకు కొత్త లెక్క కాదు. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే ఇన్ + లీగల్ ఇల్లీగల్ అయింది. జగత్ + నాథుడు జగన్నాథుడైనప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు. ఇబ్బందల్లా ఒకటే: ఈ సంధి రెండు ఇన్‌లకూ సమానంగా జరుగుతుంది. ఇల్లీగల్‌లో ‘కా’, ఇల్యూమినేట్‌లో ‘లో’. ఇర్రెగ్యులర్‌లో ‘కా’, నీరు పారించడం అనే ఇరిగేట్‌లో ‘లో’. ఇమ్మెన్స్‌లో ‘కా’, ఇమ్మినెంట్‌లో ‘లో’. మీదికి వాలి ఉన్నది, ముంచుకొస్తున్నది అని దాని అర్థం. రూపం చూసి గుర్తు పెట్టడం కుదరదు.

ఇంకో ముసుగు అచ్చుల మార్పు. లాటిన్‌లో ముందు ఏదైనా చేరితే అసలు మాటలోని ‘అ’ తరచు ఇ గానో ఎ గానో మారుతుంది. ఆప్ట్‌కు ఇన్ చేరితే ఇనాప్ట్ కాలేదు, ఇనెప్ట్ అయింది. నేర్పు అనే ‘ఆర్స్’కు ఇన్ చేరి ‘ఇనెర్స్’, ఇంగ్లిష్‌లో ఇనర్ట్. మనం ‘జడ వాయువు’ అనే చోట వచ్చేది. మిత్రుడనే ‘అమీకుస్’కు చేరి ‘ఇనిమీకుస్’ అయింది. అది ఫ్రెంచి దారిలో నలిగి ఇంగ్లిష్ ‘ఎనిమీ’ అయింది. ఎనిమీలో ఇన్ ఉందని ఎవరు అనుకుంటారు? తెలుగు నిఘంటువు తీస్తే ‘అమిత్రుడు’ అంటే శత్రువని ఉంటుంది. నిర్మాణం అచ్చం అదే.

గుర్తు పెట్టే పరీక్షలు

లాటిన్ రానివారు కూడా చేయగలిగేలా మూడు పరీక్షలు పెట్టుకున్నాం. ఏదీ ఒంటరిగా చాలదు.

మొదటిది క్రియ పరీక్ష. మాట చివరి ‘ఏబుల్’, ‘షన్’ లాంటివి తీసేసి, ఇన్‌తో సహా మిగిలినది ఇంగ్లిష్‌లో క్రియ అవునో కాదో చూడాలి. ఇన్‌ఫ్లేమబుల్ నుంచి ఏబుల్ తీస్తే ఇన్‌ఫ్లేమ్ ఉంది, అంటే అంటించు, రగిలించు. కనుక ఈ మాట ‘ఇన్‌ఫ్లేమ్ చేయదగినది’. గుర్తు ‘లో’. ఇన్‌హ్యాబిటబుల్‌లో ఇన్‌హ్యాబిట్ ఉంది. ‘లో’. ఇన్‌విజిబుల్‌లో ఇన్‌వైజ్ అనే క్రియ లేదు, విజిబుల్ అనే విశేషణం ఉంది. ‘కా’. ఇన్‌వాల్యూ అనే క్రియ లేదు. ‘కా’.

ఈ పరీక్ష దెబ్బతినే చోటు ఒకటుంది. ఇన్‌వాలిడేట్, ఇన్‌కెపాసిటేట్, ఇమ్మొబిలైజ్: మూడూ క్రియలే, మూడింటిలోనూ ఉన్నది ‘కా’. ముందు ఇన్‌వాలిడ్ అనే విశేషణం పుట్టి, ఆ తర్వాత దాని తోకకు ‘ఏట్’ తగిలించి క్రియ చేశారు. అందుకని చివర ఏట్, ఐజ్ ఉంటే అదీ తీసేసి చూడాలి. వాలిడ్, మొబైల్ లాంటి విశేషణం బయటపడితే గుర్తు ‘కా’. అలాగని ఏట్ ఉన్నదల్లా ఇదే అనుకోకూడదు. ఇన్‌కార్పొరేట్‌లో కార్పస్ అంటే ఒళ్లు. ఒంట్లో కలుపుకోవడం, అంటే ‘లో’. దాని పక్కనే ఇన్‌కార్పొరియల్, ఒళ్లు లేనిది, అశరీరం. అది ‘కా’. నిఘంటువులో ఈ రెండు మాటల మధ్య దూరం అంగుళం కూడా ఉండదు.

రెండోది ‘అన్’ పరీక్ష. మాట ముందు ఇంగ్లిష్ అన్ పెట్టి, అలాంటి మాట వాడుకలో ఉందేమో చూడాలి. అనిన్‌హ్యాబిటబుల్, అనిన్‌వైటెడ్, అనిన్‌ఫార్మ్‌డ్ ఉన్నాయి. అనిన్‌విజిబుల్ లేదు. కాదు మీద కాదు పేర్చడం భాషకు ఇష్టం ఉండదు కాబట్టి, అన్ భరించే ఇన్ దాదాపుగా ‘లో’నే. ఫ్రెంచివాళ్లు ఈ పనిని ఇంకా ముచ్చటగా చేస్తారు. వాళ్లకు ‘ఆంఫ్లమాబ్ల్’ అంటే మండేది, మండనిదాన్ని అనాలంటే ముందు మరో ఇన్ తగిలించి ‘ఇనాంఫ్లమాబ్ల్’ అంటారు. ఒకే మాటలో రెండు ఇన్‌లూ ఇరుగుపొరుగున కూర్చుంటాయి. అయితే అదే ఫ్రెంచిలో ‘ఇనాబితాబ్ల్’ అంటే నివసించలేనిది. రాతలో అది ఇంగ్లిష్ ఇన్‌హ్యాబిటబుల్ లాగే ఉంటుంది, అర్థం తలకిందులు. యంత్ర పరికరాలతో వచ్చే కాగితాల్లో ఫ్రెంచి, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉంటే ఈ ఒక్క మాటనూ వేలు పెట్టి సరిచూడాలి.

మూడోది జంట పరీక్ష. ఇన్ తీసి దాని చోట ‘బయటికి’ అనే ఎక్స్ లేదా ఇ పెట్టి చూడాలి. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్. ఇన్‌హేల్, ఎక్స్‌హేల్. ఇమ్మిగ్రేట్, ఎమిగ్రేట్. ఇంజెక్ట్, ఇజెక్ట్. జంట దొరికితే ‘లో’. ఇక్కడ మోసం చేసే జంటలూ ఉన్నాయి. ఇనర్ట్ పక్కన ఎగ్జర్ట్ చూసి జంట అనుకుంటాం. ఎగ్జర్ట్ అసలు జోడీ ఇన్‌సర్ట్. ఇనర్ట్‌కు జోడీ లేదు.

మూడూ పెట్టాక కూడా తేలనివి ఇన్‌తో మొదలైనట్టు కనిపించే పరాయి మాటలు కావచ్చు. ఇన్సులిన్‌లో ఉపసర్గే లేదు. అది లాటిన్ ‘ఇన్సులా’, ద్వీపం. క్లోమంలోని లాంగర్‌హాన్స్ ద్వీపికల్లో తయారవుతుంది కాబట్టి ఆ పేరు. ఇండిజినస్‌ను ఇన్ + డిజినస్ అని విడగొడితే ఏమీ రాదు. ‘లోపల’ అనే పాత లాటిన్ రూపం ‘ఇందు’కు పుట్టుక ధాతువు చేరింది, లోపలే పుట్టినది, దేశవాళీ.

ఇనాక్యులేట్ కథ

ప్రథమ చికిత్స పేజీలో తప్పు జరగడానికి కారణం స్పెల్లింగు. ఇన్నాక్యువస్ అనే మాటలో ‘ఎన్’ అక్షరాలు రెండు: ఒకటి ఉపసర్గది, ఇంకోటి హానికరం అనే అర్థమున్న నొకువుస్‌ది. హానిలేనిది అని అర్థం. ఇన్నోసెంట్ కూడా ఈ ఇంటిదే, ‘హాని చేయనివాడు’. ఇనాక్యులేట్‌లో ఎన్ ఒక్కటే. అక్కడ ఇన్ తర్వాత ఉన్నది ‘ఓకులుస్’, కన్ను. మొక్కల అంటు కట్టేటప్పుడు ఒక చెట్టు మొగ్గను ఇంకో చెట్టు బెరడులోకి దూర్చడం లాటిన్‌లో ‘ఇనొకులారే’. మొగ్గను కన్ను అనడం మన రైతుకు వింతగా ఉండదు. చెరకు నాటేవారు మూడు కళ్ల ముచ్చెలు అంటూనే ఉంటారు. ఆ కన్ను లోపలికి దూర్చే మాటే తర్వాత మశూచికి టీకా వేసే పనికి పేరైంది. గుర్తు ‘లో’, తెలుగు ‘టీకా వేయు’. ముసాయిదా రాసినవారు లేని ఎన్‌ను ఒకటి చేర్చుకుని చదివారు, అంతే.

పక్కనే ఇమ్యూనిటీ కూడా ఉంది. లాటిన్ ‘ఇమ్మూనిస్’ అంటే ఊరిమీద పడే పన్ను, వెట్టి, విధులు లేనివాడు. గుర్తు ‘కా’. చట్టంలో అది మినహాయింపు, రక్షణ. వైద్యంలో రోగనిరోధక శక్తి. చట్టం అర్థమే పాతది, వైద్యం దాన్ని తర్వాత అరువు తెచ్చుకుంది. ఒకే తెలుగు మాటతో రెండు చోట్లా నెట్టుకురావాలని చూడకండి, ఎటూ అతకదు.

‘విలువలేని’ సలహాలు

ఇన్‌వాల్యుబుల్‌కు పెట్టిన గుర్తు సరైనదే, ‘కా’. అయినా అనువాదం తప్పింది. వాల్యుబుల్‌లోని ‘వాల్యూ’ను ముసాయిదా ‘విలువ కలిగి ఉండడం’ అనుకుంది. ఈ మాట పుట్టినప్పుడు అది ‘విలువ కట్టడం’ అనే క్రియ. విలువ కట్టలేనిది అంటే వెల చెప్పలేనంత గొప్పది. దీనికి సాక్ష్యం కోసం లాటిన్ దాకా పోనక్కర్లేదు, మన ‘అమూల్యం’ చాలు. అ + మూల్యం, మూల్యం లేనిది. అలాగని అమూల్యమైన కానుక అంటే ఎవరూ చవక సరుకు అనుకోరు. అనర్ఘరత్నం కూడా అంతే. అమూల్యం తప్పు పట్టని చెవి ఇన్‌వాల్యుబుల్ దగ్గర తడబడడం విచిత్రమే. కరపత్రంలో ‘అమూల్యమైన సలహాలు’ అని దిద్దితే అయిపోయింది.

‘కాదు’ అనేది ఒక్కటే అర్థం కాదని మన వ్యాకర్తలు ఎప్పుడో చెప్పారు. నఞ్‌కు ఆరు అర్థాలు: సాదృశ్యం (పోలిక), అభావం (లేకపోవడం), అన్యత్వం (వేరు కావడం), అల్పత్వం (కొద్దిగా ఉండడం), అప్రాశస్త్యం (మంచిది కాకపోవడం), విరోధం. లాటిన్ మాటలకు ఈ ఆరూ పట్టుకుని కూర్చోవాలని కాదు గానీ, ‘కా’ గుర్తు పడిన తర్వాత ఇది మంచి వడపోత. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరున్నవాడు. అప్రాశస్త్యం. తెలుగులో ‘అప్రతిష్ఠ’ అన్నా ప్రతిష్ఠ లేకపోవడమని ఎవరూ అనుకోరు, తల వంచుకునే పరిస్థితి అనుకుంటారు. ఎనిమీ, అమిత్రుడు విరోధం కిందికి వస్తాయి. మిత్రుడు కానివాళ్లంతా శత్రువులు కారు. ఇన్‌ఫెంట్ అభావం: ‘ఫాన్స్’ అంటే మాట్లాడేవాడు, ఇన్ చేరితే ఇంకా మాటలు రానివాడు, పసివాడు.

తెలుగు చేసేటప్పుడు చూడాల్సింది ఇంకొకటి. మన ‘అ’ తత్సమాలకే అతుకుతుంది. అచ్చతెలుగు మాట ముందు పెడితే మాట చస్తుంది. సాధ్యం అసాధ్యమవుతుంది, మంట ‘అమంట’ కాదు. తెలుగు మాటకు కాదు చెప్పేది తోకలోనే: మండని, తడవని, కదలని, తెగని. ఉర్దూ దారిలో వచ్చినవాటికి వేరే ముందుముక్కలు ఉన్నాయి: గైర్‌హాజరు, బేఖాతరు. కరపత్రంలో ఇంగ్లిష్ ఇన్ కనపడ్డ ప్రతిచోటా ‘అ’ వెతకడం మానుకుంటే సగం కృత్రిమపు మాటలు పుట్టవు. ఇన్‌సాల్యుబుల్‌కు పాఠ్యపుస్తకంలో ‘అద్రావణీయ’ సరే, డబ్బా మీద ‘నీళ్లలో కరగదు’ చాలు.

తలుపు మీద ఏం రాయాలి

తిరిగి ఇన్‌ఫ్లేమబుల్ దగ్గరికి. లాటిన్‌లో ఇన్‌ఫ్లమ్మారే, మంట అనే ‘ఫ్లమ్మా’లోకి తేవడం. ఇంగ్లిష్‌లోకి ఈ విశేషణం 17వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఫ్లేమబుల్ 1813 నాటి మాట. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ వాడలేదు. 1920లలో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్, ఇన్‌ఫ్లేమబుల్‌ను జనం మండనిదిగా చదివే ప్రమాదం ఉందని, ఫ్లేమబుల్‌నే వాడమని పట్టుబట్టింది. 1959లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అదే దారి పట్టింది. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి సరుకు రవాణా వర్గీకరణలో, రసాయనాల లేబుళ్లలో ఉన్నది ఫ్లేమబుల్ ఒక్కటే. లాటిన్ పండితులు ముఖం చిట్లించి ఉంటారు. భద్రత దృష్టిలో మాత్రం ఇది సరైన నిర్ణయం.

భారతదేశంలో పాత మాట గట్టిగా నిలబడింది. 1952లో చేసిన చట్టం పేరే ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్. ఏళ్ల తరబడి నడిచిన ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి సైన్స్ పుస్తకంలో, తక్కువ జ్వలన ఉష్ణోగ్రత ఉండి మంట తగలగానే అంటుకునేవాటిని ఇన్‌ఫ్లేమబుల్ అనే అన్నారు. రోడ్డు మీద ట్యాంకర్ల వెనకా అదే. కాబట్టి అనువాదకుడి ముందుకు రెండు మాటలూ వస్తాయి, రెండింటికీ ఒకే తెలుగు రాయాలి. వేర్వేరు తెలుగు మాటలు రాస్తే చదివేవాడు రెండు వేర్వేరు గుణాలనుకుంటాడు.

ఏ మాట? ‘మండే’ అన్నది మొదట తోచేది. గోదాములో అది పనికిరాదు. రవాణా వర్గీకరణలో 2.1 అంటే మండే వాయువు, ఎర్ర లేబుల్; 2.2 అంటే మండని, విషం కాని వాయువు, ఆకుపచ్చ లేబుల్. నైట్రోజన్ సిలిండర్ రెండోదాని కింద వస్తుంది. తెలుగులో ‘మండే వాయువు’, ‘మండని వాయువు’ అని రాసి పది అడుగుల దూరం నుంచి చూడండి. తేడా ‘డే’కూ ‘డని’కీ మధ్య. మసక వెలుతురులో, దుమ్ము పట్టిన రేకు మీద, తొందరలో ఉన్నవాడి కంటికి ఆ తేడా అందదు. ఇంగ్లిష్‌లో ఇన్ చేసిన మోసాన్నే తెలుగులో ‘ని’ చేస్తుంది. అందుకే ఇన్‌ఫ్లేమబుల్, ఫ్లేమబుల్ రెండింటికీ ‘త్వరగా అంటుకునే’ అని, నాన్‌ఫ్లేమబుల్‌కు ‘మండని’ అని ఖాయం చేశాం. రెండు మాటలకూ ఉమ్మడి అక్షరాలు లేవు, పొడవూ వేరు.

‘దహనశీల’ను ఇక్కడికి తేలేదు. అది కంబస్టిబుల్‌కు ఉంది. బొగ్గు, కట్టె దహనశీలాలే. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనవు. థిన్నర్ ఆవిరి భగ్గుమంటుంది. పెట్రోలియం చట్టం ఈ తేడాను ఫ్లాష్ పాయింట్‌తో కొలుస్తుంది. ద్రవం మీది ఆవిరి మంట చూపిస్తే ఒక్కసారి అంటుకునే అతి తక్కువ ఉష్ణోగ్రత అది. 23 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువైతే ఎ తరగతి, 23 నుంచి 65 లోపు బి, 65 నుంచి 93 లోపు సి. పెట్రోల్‌ది సున్నాకు దాదాపు 40 డిగ్రీలు కింద, అంటే ఎండాకాలంలోనే కాదు, చలికాలంలోనూ దాని ఆవిరి సిద్ధంగానే ఉంటుంది. టర్పెంటైన్‌ది 35 చుట్టుపక్కల. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఆ అంకె మామూలే. ట్యాంకరు పలక మీద పెట్రోల్‌కు ఉండే 1203 అనే ఐక్యరాజ్యసమితి సంఖ్యను, మంట బొమ్మను తెలుగు చేయనక్కర్లేదు. వాటిని కదపకుండా కింద తెలుగు వరుస చేర్చాలి.

తలుపుకు చివరికి వెళ్లిన వరుస ఇది: ‘త్వరగా అంటుకునే ద్రవాలు. నిప్పు, బీడీ, సెల్‌ఫోన్ లోపలికి తేవద్దు.’ మొదటి వాక్యంలో క్రియ లేదు, కావాలనే. పేరు ముందు కంటబడాలి, ఏం చేయాలో తర్వాత.

మిగిలినవి

ఇంటర్, ఇంట్రా అనే రెండింటినీ ‘లో’ కింద వేయాలని అనిపించింది. అవి ‘లోపల’ అనే ఇన్‌కు పిల్లలే. మన ‘అంతర్’ కూడా ఆ చుట్టమే, అంతర్జాతీయంలో ఇంటర్‌నేషనల్ మాటకు మాట సరిపోతుంది. కానీ పదకోశంలో వేరే పేజీ ఇవ్వక తప్పలేదు. ఇంటర్ అంటే మధ్య, ఇంట్రా అంటే లోపలే. జీఎస్టీ బిల్లులో అంతర్రాష్ట్ర సరఫరాకు ఐజీఎస్టీ పడుతుంది, రాష్ట్రం లోపలి సరఫరాకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండూ పడతాయి. థిన్నర్ హైదరాబాద్ నుంచి వరంగల్ పోతే ఒకటి, విజయవాడ పోతే ఇంకొకటి. ‘అంతర్’ ఒక్కటే రెంటికీ రాస్తే పన్ను తప్పు పెట్టెలో పడుతుంది. కాబట్టి ఇంటర్‌కు ‘అంతర్’, ఇంట్రాకు ‘లోపలి’.

అన్, ఇన్ కలగాపులగం గురించి ఒక మాట. అన్‌జస్ట్ కానీ ఇన్‌జస్టిస్, అనేబుల్ కానీ ఇనెబిలిటీ, అన్‌స్టేబుల్ కానీ ఇన్‌స్టెబిలిటీ. చివర లాటిన్ తోక చేరిన నామానికి లాటిన్ ఇన్, వాడుకలో నలిగిన విశేషణానికి ఇంగ్లిష్ అన్. తెలుగులో తేడా చూపించనక్కర్లేదు, వెతికేటప్పుడు రెండు చోట్లా వెతకాలి.

ఒక్క మాటకు మాత్రం రెండు గుర్తులూ పెట్టాల్సి వచ్చింది, ఇంప్రెగ్నబుల్. కోట గురించి అంటే ‘పట్టుకోలేనిది’. ఫ్రెంచి ‘పట్టు’ అనే క్రియకు ‘కాదు’ అనే ఇన్ చేరింది, మధ్యలో ‘జి’ అక్షరం తర్వాత దూరింది. పశువైద్యంలో అంటే ‘కడుపు చేయదగినది’. ఇంప్రెగ్నేట్‌లోని ఇన్ ‘లోపలికి’. పదకోశంలో ఆ వరుస ఇలా ఉంది: ఇంప్రెగ్నబుల్, ‘కా’: దుర్భేద్యమైన. ‘లో’: చూలుకు వీలైన.